కత్తులు పక్కన పెట్టి 1942 నాటి విశాఖలోకి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. ఆరేళ్లుగా రెండు వారాలకొక శనివారం సాయంత్రం మా ఇంటి భోజనాల బల్ల చుట్టూ ఆరుగురం కూర్చుని ఒక ఆట ఆడుతున్నాం. ఆ ఆటను ఈ ఏడాది పూర్తిగా వేరే దారి పట్టించాలని నేను నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయానికి ఎలా వచ్చానో, దాని కోసం మీ పాఠకుల నుంచి, ముఖ్యంగా వారి ఇళ్లలోని పెద్దల నుంచి నాకు కావలసిన సాయమేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. వీలైతే దీన్ని కుదించకుండా వేయమని మనవి.

ఆట గురించి వినని పాఠకుల కోసం ముందుగా కొంచెం వివరిస్తాను. దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట అంటారు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. కాగితాలు, పెన్సిళ్లు, నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా ఉండే రకరకాల పాచికలు ఉంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు, వారిని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో తామే చెబుతారు. పని నెరవేరుతుందో లేదో ఎటూ తేలని చోట పాచిక వేస్తారు. మా అమ్మకు నేను దీన్ని బుర్రకథతో పోల్చి చెప్పాను. కథకుడు ఉంటాడు, పక్కన వంతలు ఉంటారు, వాళ్లు మధ్యలో ప్రశ్నలు వేస్తారు. అయితే ఇక్కడ వంత పాడే మనిషి "నేను ఆ తలుపు తెరవను" అంటే కథకుడు అక్కడికక్కడ కథనే మార్చుకోవాలి. ఒకే కథ నెలల తరబడి సాగితే దాన్ని క్యాంపెయిన్ అంటారు.

ఈ ఆటల్లో అచ్చై అమ్మకానికి వచ్చిన మొదటిది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి దాన్ని రూపొందించగా 1974లో వెలువడింది. బల్ల మీద సీసపు సైనికుల బొమ్మలను కదుపుతూ ఆడే యుద్ధ క్రీడల నుంచి అది పుట్టింది. ఆ పుట్టుక గుర్తులు దాని నియమాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. పాత్రకు ఎన్ని దెబ్బలు తట్టుకునే శక్తి ఉంది, ఏ ఆయుధం ఎంత గాయం చేస్తుంది, శత్రువును చంపితే ఎంత అనుభవం లెక్కలోకి వస్తుంది, ఆ అనుభవం పోగైతే పాత్ర ఎంత బలపడుతుంది అన్న వాటి చుట్టూనే పుస్తకంలో చాలా పేజీలు నడుస్తాయి. ఇది తప్పని నేను అనడం లేదు. ఆరేళ్లు ఎంతో సంతోషంగా ఆడించాను. కాని ఆట దేనికి బహుమతి ఇస్తే ఆడేవారి చూపు దాని మీదే ఉంటుంది. మా బల్ల దగ్గర కొత్త మనిషి కథలోకి అడుగుపెట్టగానే మావాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న "వీణ్ని కొట్టగలమా?" అన్నదే అయిపోయింది. వాళ్లకు ఆ అలవాటు చేసినవాణ్ని నేనే.

గత దసరా సెలవుల్లో ఆ పాత క్యాంపెయిన్‌కు ముగింపు పలికాం. తర్వాత ఏమిటన్న చర్చ మొదలైంది. మా బృందంలో అందరికన్నా చిన్నవాడు అంతరిక్షం అన్నాడు. 1977లో మార్క్ మిల్లర్ తెచ్చిన 'ట్రావెలర్' మొదలుకొని దానికి మంచి ఆటలు చాలానే ఉన్నాయి. బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ జానపదం అన్నారు. రాజకుమారుడు, మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం: మన కథలే ఉండగా పరాయి డ్రాగన్లెందుకన్నది ఆమె వాదన. నాకు ఆ వాదన నచ్చింది, ఎప్పటికైనా అది చేయాలని ఉంది. అయితే ఇప్పుడు జానపదానికి మారితే మారేది వేషమే కాని ఆట కాదు. గుహ పోయి మర్రితొర్ర వస్తుంది, డ్రాగన్ పోయి రాక్షసుడు వస్తాడు. మావాళ్లు మాత్రం అదే ప్రశ్న అడుగుతారు. నాకు ఆ ప్రశ్నే మారాలి. "వీణ్ని కొట్టగలమా?" అన్న చోట "ఈయన నిజం చెబుతున్నాడా?" అని అడిగే ఆట కావాలి. అంటే అపరాధ పరిశోధన. మన దగ్గర ఒక తరం వారు అద్దె పుస్తకాల దుకాణాల నుంచి రోజుకొకటి చొప్పున తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలల జానర్ అది. తెలుగువారికి కొత్తేమీ కాదు.

కథ ఎక్కడ, ఎప్పుడు జరగాలన్నది బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో తేలింది. మేనకోడలిని తీసుకుని అక్కడికి వెళ్లినప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు వేయగా పేలకుండా మిగిలిన బాంబు దగ్గర ఆ పిల్ల చాలాసేపు నిలబడింది. "ఇది పడ్డాక ఇక్కడివాళ్లు ఏం చేశారు మామయ్యా?" అని అడిగింది. ఊరు వదిలి వెళ్లిపోయారని చెప్పాను. "మరి ఇళ్లలో సామాన్లు?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాళాలు వేసిన ఇళ్లు, ఖాళీ వీధులు, వెళ్లిపోయిన వారెవరో ఉండిపోయిన వారెవరో తెలియని ఒక పట్నం ఇక్కడే, నేను రోజూ స్కూటర్ మీద తిరిగే వీధుల్లోనే ఉండేది. పరిశోధన కథకు ఇంతకంటే తగిన చోటు ఎక్కడ వెతకాలి?

ఆ రోజుల సంగతి తెలియని యువ పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు బర్మా రాజధాని రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్ దీవులు జపాన్ చేతికి చిక్కాయి. ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద దాడి జరిగింది. మర్నాడు, ఏప్రిల్ 6 సోమవారం, రియుజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే సమయంలో బంగాళాఖాతంలో అనేక సరుకు ఓడలను జపాన్ నౌకాదళం ముంచివేసింది. పట్నంలో ప్రాణనష్టం తక్కువే. పుట్టిన భయం మాత్రం అపారం. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలనే లోపలి ఊళ్లకు మార్చారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు వెళ్లింది.

ఇక బర్మా సంగతి. గోదావరి జిల్లాల నుంచి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి దశాబ్దాల పాటు లక్షలాది మంది తెలుగువారు రంగూన్ రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పని చేయడానికి వెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే అక్కడివాళ్లు తెలుగువారిని కొరంగీలని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె దరిమిలా వారి మీద ఘోరమైన దాడులు జరిగాయి. 1942లో, ఓడలు దొరకనివారు అడవులు, కొండలు దాటి కాలినడకన మన దేశానికి వచ్చారు; దారిలో జ్వరాలతో, ఆకలితో ఎందరో చనిపోయారు. బర్మా నుంచి తరలివచ్చినవారి పేరిట మా ఊళ్లో బర్మా క్యాంపు అనే పేట ఈనాటికీ ఉంది. అయినా మా బృందంలో ఐదుగురికి ఈ చరిత్ర దాదాపు తెలియదు. ఆరో వ్యక్తి ముత్తాత రంగూన్ మేస్త్రీ కింద పని చేసి తిరిగి వచ్చారట. ఆరేళ్లుగా పక్కపక్కన కూర్చుని ఆడుతున్నాం. ఈ సంగతి ఆయన నోట మొదటిసారి వచ్చింది నేను ఈ ప్రతిపాదన పెట్టిన సాయంత్రమే.

కథాస్థలం కుదిరాక నియమాల ప్రశ్న వచ్చింది. అసలు కష్టం ఇక్కడే ఉంది. ఈ జానర్‌కు మారాలనుకునే తోటి గేమ్ మాస్టర్లకు కూడా పనికొస్తుందని దీన్ని కొంచెం విడమరచి రాస్తున్నాను. ముందు పాత నియమాలతోనే ఒక ప్రయోగం చేశాను. రేవు గోదాములో ఒక లెక్కల పుస్తకం మాయమైంది, దాన్ని కనిపెట్టాలి: అంతవరకే కథ. ఆధారం దొరకాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి నిర్ణీత అంకె దాటాలని పెట్టాను. వరుసగా ముగ్గురు వేశారు, ముగ్గురికీ పడలేదు. తలుపు మూసుకుపోయింది, కథ ఆగిపోయింది. ఏం చేయాలో తోచక మావాళ్లు గోదాము కాపలాదారు పీక పట్టుకున్నారు. ఆయన ముగ్గురు పిల్లల తండ్రి, నెల జీతం మీద బతుకుతున్న మనిషి అని నేను అప్పటికే చెప్పి ఉన్నాను. అయినా వారి పాత్రలకు తెలిసిన పని అదొక్కటే. వారి కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది కత్తి పోటు లెక్కే. ఆ సాయంత్రం ఆట మధ్యలో ఆపేశాను. ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ పనిముట్టే వేరే పని కోసం చేసినది.

యుద్ధంలో ఒక దెబ్బ తప్పితే ఇంకో దెబ్బ వేయవచ్చు, పోరు సాగుతూనే ఉంటుంది. పరిశోధనలో ఒక ఆధారం తప్పితే ఆ తర్వాతి గది ఉన్నదనే తెలియదు. లెక్క చూడండి. వరుసగా నాలుగు ఆధారాలు దొరికితేనే రహస్యం బయటపడే కథలో, ఒక్కొక్క ఆధారం దొరికే అవకాశం సగానికి సగం అనుకుంటే, నాలుగూ దొరికే అవకాశం పదహారింట ఒకటి, అంటే 6.25 శాతం. జస్టిన్ అలెగ్జాండర్ అనే ఆటల రచయిత చెప్పిన ప్రసిద్ధమైన సూత్రం ఒకటుంది: ఆడేవారు ఏ నిర్ధారణకు రావాలని నువ్వు అనుకున్నా, దానికి దారితీసే ఆధారాలు కనీసం మూడు పెట్టు. ఆ సూత్రం పాటించి, మూడింటికీ పాచిక వేయించినా, ఒక్కొక్క మెట్టు దాటే అవకాశం 87.5 శాతానికి పెరుగుతుంది కాని నాలుగు మెట్లూ దాటే అవకాశం దాదాపు 59 శాతమే. నాలుగు నెలలు శ్రమించి నడిపిన కథ పదింట నాలుగుసార్లు గోడకు కొట్టుకుని ఆగిపోతుందన్నమాట. రాబిన్ లాస్ రూపొందించిన గంషూ అనే పద్ధతి దీనికి సూటిగా పరిష్కారం చెప్పింది. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరాలి, పాచికతో పని లేదు. డిటెక్టివ్ కథలో ఆసక్తి ఆధారం దొరకడంలో కాదు, దొరికినదాన్ని అర్థం చేసుకోవడంలో ఉందన్నది ఆయన వాదన. కాపలాదారు పీక పట్టుకున్న సాయంత్రం తర్వాత నాకు ఈ మాట విలువ తెలిసింది.

కాబట్టి నేను రెండింటినీ కలిపాను. నైపుణ్యాలకు శాతాల లెక్క పెట్టాను. పది ముఖాల పాచికలు రెండు వేసి, ఒకదాన్ని పదుల స్థానంగా, రెండోదాన్ని ఒకట్ల స్థానంగా చదివి, తన నైపుణ్యానికి సమానంగా గాని తక్కువగా గాని పడితే నెగ్గినట్టు. శాండీ పీటర్సన్ రూపొందించగా 1981లో వచ్చిన 'కాల్ ఆఫ్ తులు' అనే భయానక పరిశోధన ఆట వల్ల ఈ పద్ధతి ఈ జానర్‌లో స్థిరపడింది. "నీకు లెక్కల పుస్తకాలు చూడటంలో 60 శాతం" అంటే కొత్తవారికి కూడా వెంటనే అర్థమవుతుంది. అయితే ముఖ్యమైన ఆధారానికి పాచిక వేయించను. పాచిక వేయించేది ఎంతసేపు పట్టింది, ఎవరు చూశారు, ఏ జాడ వదిలిపెట్టారు అన్నవాటికి. బీరువా తెరుచుకోవడం ఖాయం. తెరిచిన చప్పుడు పక్కింటి ముసలాయనకు వినబడిందా లేదా అన్నదే పాచిక తేలుస్తుంది.

ఆ ఆటలో మతి చలించడాన్ని కొలిచే లెక్క ఒకటుంది, దాన్ని మాత్రం తీసుకోలేదు. మా కథలో దయ్యాలు లేవు, భూతాలు లేవు, ఉన్నది పుకారు. 1942 ఏప్రిల్‌లో ఊళ్లు ఖాళీ చేయించిన శక్తుల్లో బాంబు ఒకటైతే పుకారు రెండోది. అందుకని మతి లెక్క స్థానంలో ధైర్యం లెక్క పెట్టాను, దాన్ని మనిషికి కాకుండా వీధికి పెట్టాను. ప్రతి సెషన్ మొదట్లో ఒక్కొక్కరు ఒక చీటీ మీద ఒక పుకారు రాసి గిన్నెలో వేయాలి. ఒకటి తీసి చదువుతాను. దాన్ని పాత్రలు నమ్మి నలుగురికీ చెబితే ఆ వీధి ధైర్యం ఒక అంకె తగ్గుతుంది, మరో రెండు ఇళ్లు ఖాళీ అవుతాయి, ఆ ఇళ్లలోని సాక్షులు పల్లెకు వెళ్లిపోతారు. ఓపికగా వాకబు చేసి అది అబద్ధమని తేలిస్తే అంకె పెరుగుతుంది. అనుభవం లెక్క కూడా దీన్నిబట్టే ఉంటుంది. మనిషిని కొట్టినందుకు ఏమీ రాదు, నిజం తేల్చినందుకు వస్తుంది. ఫోన్‌లో వచ్చిన ప్రతి కబురునూ ముందూ వెనకా చూడకుండా పదిమందికి పంపే రోజుల్లో ఈ నియమం బల్ల దగ్గర ఎలా పని చేస్తుందో చూడాలని నాకు చాలా ఆత్రంగా ఉంది.

పాత్రలను మావాళ్లు ఎంచుకున్న తీరు చూశాక నాకు ధైర్యం వచ్చింది. 1933లో ప్రారంభమైన రేవులో పని చేసే ఒక గుమాస్తా. కింగ్ జార్జి ఆసుపత్రిలో నర్సు. వాల్తేరు స్టేషన్‌లో తంతి పంపే ఉద్యోగి. ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణాన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కలిసే చోటు కనుక రెండు వైపుల కబుర్లూ ఆయన చేతి మీదుగా పోతాయి. ఇంటింటికీ చేపలు అమ్మే ఒక జాలారి స్త్రీ. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు తాళం పడిందో ఈమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఐదో పాత్ర రంగూన్ రేవులో పని చేసి అంతకు నెల ముందే ప్రాణాలతో ఒడ్డెక్కిన మనిషి. దాన్ని ఎవరు తీసుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు. వీళ్లెవరికీ అధికారం లేదు, ఆయుధం లేదు, అరెస్టు చేసే హక్కు లేదు. అడగాలి, వినాలి, బతిమాలాలి. తుపాకీ గుండు తగిలితే బతకరు. గాయం మానడానికి నెలలు పడుతుంది. ఇంతకుముందు మా ఆటలో అరవై దెబ్బలు తిని లేచి నిలబడ్డ వీరులకు ఇది పెద్ద మార్పు.

మొదటి ఆధారం మాత్రం చెబుతాను, ఎందుకంటే అది మావాళ్లకు మొదటి గంటలోనే దొరుకుతుంది. పాతపట్నంలో తాళం వేసిన ఒక ఇంట్లో రేకు పెట్టె, పెట్టెలో నోట్ల కట్ట. రిజర్వ్ బ్యాంక్ నోట్లే, కాని వాటి మీద బర్మాలో మాత్రమే చెల్లుతుందని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది. 1937లో బర్మాను భారతదేశం నుంచి పాలనలో వేరు చేశాక రిజర్వ్ బ్యాంక్ అక్కడి కోసం అలాంటి నోట్లు నిజంగానే జారీ చేసింది. జీవితమంతా బస్తాలు మోసి దాచుకున్న డబ్బు ఈ ఒడ్డుకు రాగానే చిక్కుల్లో పడిన మనిషి ఎవరు, ఆ ఇల్లు ఎవరిది, ఆ కట్ట అక్కడికెలా వచ్చింది? ఇంతకుమించి రాయను. మా బృందంలో ఇద్దరు మీ పత్రికకు చందాదారులు.

నేను ఎదురుచూడని మార్పు ఇంకొకటి వచ్చింది. ఈ ఉత్తరం రాయాలని నిజంగా అనిపించింది దానివల్లే. పాత క్యాంపెయిన్‌లో మా పాత్రలన్నీ సగం ఇంగ్లీషులో మాట్లాడేవి. పుస్తకం ఇంగ్లీషు, మంత్రాల పేర్లు ఇంగ్లీషు, ఆ లోకపు సత్రాలు, దొరలు, గంటల గోపురాలు అన్నీ అక్కడివే కావడంతో నోరు తెలుగుకు తిరిగేది కాదు. తెలుగులో చెప్పబోతే డబ్బింగ్ సినిమాలా వినిపించేది. ఈ కొత్త కథకు పాత్రలు తయారు చేసుకున్న రోజు, బ్యాంకులో పని చేసే మా మిత్రుడు, ఆరేళ్లలో ఎప్పుడూ పది మాటలకు మించి పాత్ర గొంతుతో పలకనివాడు, ఒక్కసారిగా వాళ్ల అమ్మమ్మ యాస అందుకున్నాడు. "ఏటైంది? వీధిలో ఒక్క పురుగు నేదు, అందరూ ఎల్లిపోనారు" అని మొదలుపెట్టి పావుగంట ఆగలేదు. మిగిలినవాళ్లం అలాగే వింటూ ఉండిపోయాం. ఆ మనిషికి నటన రాదని నేను ఇన్నాళ్లూ పొరబడ్డాను. రానిది నటన కాదు, ఆ లోకపు భాష.

అందరూ ఒప్పుకున్నారని చెప్పను. మాలో ఒకరికి కత్తులు, మంత్రాలు ఎంతో ఇష్టం. "వారమంతా ఆఫీసులో మామూలు మనిషిగానే బతుకుతున్నాను, శనివారం కూడా గుమాస్తాగా ఉండాలా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. రెండు వారాల్లో ఒక సాయంత్రం తన బరువులన్నీ దించుకుని వీరుడిగా ఉండాలన్న కోరికను నేను చిన్నచూపు చూడలేను. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఈ క్యాంపెయిన్ పన్నెండు సెషన్లు మాత్రమే, ఏప్రిల్‌లో మొదలై 1942 ఆగస్టు ఉద్యమం తొలిరోజులతో ముగుస్తుంది; ఆ తర్వాత టీచరు గారి జానపదం, అందులో ఆయనకు కోరుకున్నన్ని కత్తులు. అంతేకాక మూడు సెషన్ల తర్వాత కూడా ఆయనకు నచ్చకపోతే ఎవరూ నొచ్చుకోకుండా పక్కకు తప్పుకోవచ్చు. ఆరేళ్ల స్నేహం ఏ జానర్ కంటే అయినా పెద్దది.

ఇంతకంటే బరువైన ప్రశ్న ఒకటి నన్ను ఇప్పటికీ వెంటాడుతోంది. జనం నిజంగా పడిన బాధను మనం సాయంకాలపు ఆటగా ఆడవచ్చునా? డ్రాగన్ నిప్పుకు కాలిపోయిన ఊరు ఎక్కడా లేదు, ఎవరి తాతా అందులో పోలేదు. బర్మా నుంచి నడిచి వస్తూ దారిలోని అరకాన్ కొండల్లో పడిపోయినవారు ఉన్నారు, వారి మనవలు మన మధ్య ఉన్నారు. దీని మీద మేము ఆటకు ముందే ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నాం; ఈ ఆటలు ఆడేవారు దాన్ని సెషన్ జీరో అంటారు. ఆ కాలినడక ప్రయాణాన్ని బల్ల మీద ఆడించకూడదని, పాత్ర నోటి జ్ఞాపకంగా, ఆ పాత్ర వేసేవారు చెప్పదలచుకున్నంత మేరకే రావాలని తీర్మానించుకున్నాం. పసిపిల్లల మరణం కథలోకి రాదు. నిజంగా జీవించిన అధికారిని గాని, నాయకుణ్ని గాని, కుటుంబాన్ని గాని నేరస్థులుగా చూపకూడదు. కథలోని ప్రతి పేరూ కల్పితమే. కులం విషయంలో మాత్రం మౌనం వద్దనుకున్నాం. 1942లో ఎవరు ఎవరి ఇంటి గుమ్మం ఎక్కగలిగేవారో చెప్పకుండా ఆనాటి పట్నాన్ని చూపితే అది అబద్ధపు పట్నం అవుతుంది. అవమానాన్ని వినోదంగా మాత్రం ఆడకూడదు. ఎవరికి ఏ క్షణంలో ఇబ్బంది అనిపించినా బల్ల మధ్యలో ఉంచిన కార్డును తాకితే చాలు, కారణం అడగకుండా ఆ సన్నివేశం వదిలేస్తాం. రంగూన్ మేస్త్రీ కింద పని చేసిన వారి మునిమనవడు చివరగా ఒక మాట అన్నారు: "మా ఇంట్లో ఈ కథ ఎవరూ అడగలేదు కాబట్టే ఎవరూ చెప్పలేదు. మీరు అడుగుతున్నారు." ఆ మాటతోనే నేను ముందుకు వెళ్లాలని నిశ్చయించుకున్నాను.

ఇక నా మనవి. యుద్ధం ఎలా సాగిందో, ఏ ఓడ ఎప్పుడు మునిగిందో పుస్తకాల్లో దొరుకుతుంది. ఆటను నడిపించేవాడికి కావలసింది వాటి మధ్యనున్న చిన్న సంగతులు. ఊరు వదిలేటప్పుడు మీ ఇంట్లోవాళ్లు మొదట ఏం మూట కట్టారు? ఆవును ఎవరికి అప్పగించారు? బండి దొరికిందా, నడిచారా? తాళం చెవి ఎవరి దగ్గర ఉంచారు? దీపాలు ఆర్పేయాలన్నప్పుడు కిటికీలకు ఏం కట్టారు? ఏ పల్లెలో ఎవరింట్లో దిగారు, ఎన్నాళ్లు ఉన్నారు, ఆ పల్లెవారు ఎలా చూశారు? తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఏమేమి లేవు? బాంబు గురించి మీ తాతగారు నమ్మిన పుకారు ఏమిటి, అది ఎవరు చెప్పారు? రంగూన్ నుంచి వచ్చినవారు వెంట తెచ్చిన వస్తువు ఏదైనా, ఒక పెట్టె గాని, ఒక లుంగీ గాని, ఒక బర్మా మాట గాని మీ ఇంట్లో మిగిలి ఉందా? విశాఖ, కాకినాడలే కాదు, ఆ రోజుల్లో మద్రాసు విడిచి నెల్లూరు, చిత్తూరు వైపు వెళ్లిన కుటుంబాల జ్ఞాపకాలూ నాకు అంతే విలువైనవి.

ఆనాడు పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు తొంభై ఏళ్ల దరిదాపుల్లో ఉంటాయి. మీ పత్రిక ఒక నాలుగు వారాల పాటు పాఠకుల ఉత్తరాల పేజీలో కొంత జాగా వీటికి కేటాయిస్తే, నా ఆట సంగతి అలా ఉంచి, ఈ జ్ఞాపకాలన్నీ ఒకచోట అచ్చులో మిగులుతాయి. పేర్లు వేయవద్దన్నవారి పేర్లు వేయకండి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మొదటి సెషన్‌కు ముందే మా ఆరుగురం కలిసి చదువుకుంటామని మాట ఇస్తున్నాను. మొదటి సెషన్ సంక్రాంతి పండుగ దాటిన తర్వాతి శనివారం. సైరన్ మోగి ఆగిపోయిన మర్నాటి ఉదయం, కురుపాం మార్కెట్ వైపు వెళ్లే వీధిలో చేపల గంపతో నడుస్తున్న జాలారి స్త్రీకి, నిన్నటి దాకా తాళం వేసి ఉన్న ఒక తలుపు ఓరగా తెరిచి కనిపిస్తుంది. మా కథ అక్కడ మొదలవుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం.